దేవరకొండ టేకు నేల, పాత డ్రమ్ మెషీన్: పని డైరీ

ఫిబ్రవరి 2

పాలమూరులో ఫ్లోరు పాలిష్ అంటే మార్బుల్ మెషీనే. కింద రాళ్లు బిగించి, నీళ్లు పోసుకుంటూ గిరగిరా తిప్పేది. నేను చెక్క నేలలు రుద్దుతానంటే ముందు నవ్వుతారు, తర్వాత "మన దిక్కు చెక్క నేలలు ఏడున్నయన్నా?" అంటారు. అదీ నిజమే. షాబాద్ బండ, టైల్స్, ఈ మధ్య గ్రానైట్. ఇక్కడ కనిపించేవి అవే. నేను ఈ పని నేర్చుకున్నది హైదరాబాద్‌లో, బ్యాడ్మింటన్ కోర్టులు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర. ఆరేళ్లు మేపుల్ చెక్క మీద మెషీన్ నడిపి, ఊరికి తిరిగొచ్చి నాయన వడ్రంగి పనిలోనే పడ్డాను. తలుపులు, కిటికీలు, మాడ్యులర్ కిచెన్లు. మెషీన్ పట్టి నాలుగేళ్లయింది.

ఇప్పుడు దేవరకొండ నుంచి పని వచ్చింది. రిటైరైన టీచరమ్మ ఇల్లు. కింద మట్టిగోడల పాత మిద్దె, పైన ఒక్కటే పెద్ద గది. గది నేలంతా టేకు పలకలు. కిటికీ తీస్తే ఎదురుగా ఖిల్లా గుట్ట. వాళ్ల మామగారి కాలంలో వేయించిందట. నల్లమల టేకు అని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. కొన్ని పలకలు పదకొండు అంగుళాల వెడల్పున్నాయి. ఇప్పుడు అంత వెడల్పు టేకు కొనాలంటే పొలం అమ్ముకోవాలి.

గది 22 అడుగులు ఇటు, 16 అడుగులు అటు. 352 చదరపు అడుగులు. పలకలు 16 అడుగుల వైపు పరిచారు. మెట్ల దగ్గర పలక అంచు బయటికి కనిపిస్తుంది కాబట్టి అక్కడ స్కేలు పెట్టి చూశాను: 28 మిల్లీమీటర్లు. ఒకసారి మొత్తం రుద్దితే నా చేతిలో ఒక మిల్లీమీటరు దాకా పోతుంది. ఆ లెక్కన ఈ నేల నా తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు పనివాళ్లను చూస్తుంది.

పైన నల్లగా, జిగటగా పట్టిన పాలిష్ ఏదో తెలుసుకోవాలి. మూలన ఒక చుక్క స్పిరిట్ వేసి వేలితో రుద్దాను, కరిగి వేలికి అంటుకుంది. అంటే లక్క పాలిష్, చపడా. దాని మీద ఏళ్ల తరబడి మైనం. ఈ రెండూ సాండ్ పేపరుకు శత్రువులే. మెషీన్ వేడికి కరిగి పేపరు నిండా పూసుకుంటాయి.

నడుస్తుంటే గది మధ్యలో కొంచెం ఊగుతోంది. ఇది కూడా రాసి పెట్టుకుంటున్నా.

ఫిబ్రవరి 4

రెండు రోజులుగా ఒకటే ఆలోచన: ఏ మెషీన్?

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, హైదరాబాద్ నుంచి పెద్ద బెల్టు మెషీన్ కిరాయికి తేవడం. కోర్టుల పనిలో నేను నడిపింది లాగ్లర్ హమ్మెల్, జర్మనీది. 8 అంగుళాల వెడల్పు బెల్టు, బరువు దాదాపు 80 కిలోలు. దానితో నేల రుద్దడమంటే ఎద్దు వెనక నాగలి పట్టుకుని నడిచినంత సాఫీగా ఉంటుంది. బెల్టుకు పేపరు కొసలు బిగించే చీలిక ఉండదు కాబట్టి డ్రమ్ముకు పేపరు చుట్టే మెషీన్ల లాగా అదురు గీతలు పడే బాధ తక్కువ. కానీ రోజు కిరాయి, డిపాజిట్, రానుపోను ఆటో ట్రాలీ. పైగా ఈ ఇంటి మెట్లు చెక్కవి, మనిషి పక్కకు తిరిగి ఎక్కేంత సన్నం. దాన్ని మోటరు వేరు చేసి ముక్కలుగా ఎక్కించవచ్చు, నిజమే. కానీ పని మధ్యలో ఏదైనా చెడితే దాని సామాను దేవరకొండలో కాదు గదా, పాలమూరులోనూ దొరకదు.

రెండోది, చేతితో పట్టుకునే 4 అంగుళాల బెల్టు సాండరు. నా దగ్గర మకిటా ఉంది, తలుపులకు వాడతాను. 352 అడుగుల నేల దానితో రుద్దాలంటే మోకాళ్ల మీద పది రోజులు. మోకాళ్ల సంగతి అటుంచితే, చిన్న మెషీన్ నేల ఎత్తుపల్లాలను సరి చేయదు, వాటి వెంటే పోతుంది. చెక్క చిత్రిక పట్టే రంధా పొడవుగా ఎందుకుంటుందో మా నాయన చిన్నప్పుడే చెప్పాడు. పొట్టి రంధా గుంటలోకి దిగి గుంటనే నునుపు చేస్తుంది. ఇదీ అంతే.

మూడోది, రాణిగంజ్‌లో ఒక పాత సామాను దుకాణంలో చూసిన 8 అంగుళాల డ్రమ్ మెషీన్. పేరు, నంబరు పట్టీ ఊడిపోయాయి. రబ్బరు తొడిగిన డ్రమ్ము, అడ్డంగా ఒక చీలిక, పేపరు రెండు కొసలు ఆ చీలికలో దూర్చి పానాతో బిగించాలి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు. దుకాణదారు 40 వేలు అన్నాడు, 31 వేలకు దిగాడు.

చివరికి డ్రమ్మే తీసుకున్నాను. కారణం ఒక్కటే. మూత విప్పి చూస్తే లోపల ఉన్నవన్నీ నాకు తెలిసిన సామాన్లే. ఏ-38 వీ బెల్టు, పిండి గిర్నీలకు కూడా అమ్ముతారు. 6205 బేరింగులు, ఏ మోటరు దుకాణంలో అడిగినా ఇస్తారు. మోటరు కాలితే బోరు మోటర్లు చుట్టే రివైండింగ్ షాపువాళ్లు చుట్టేస్తారు. మంచి మెషీన్ కంటే బస్టాండు పక్కన బాగయ్యే మెషీన్ మేలు అనుకున్నాను. ఈ లెక్క ఎంతవరకు నిలబడిందో కింద రాస్తాను.

ఫిబ్రవరి 6

ఇంటి దగ్గర మెషీన్ విప్పాను. బెల్టు తీసేసి డ్రమ్మును చేత్తో తిప్పితే ఎడమ వైపు గరగర. బేరింగు పోయింది. రెండు వైపులా మార్చేశాను, ఒకటి కొత్తది ఒకటి పాతది ఉంచడం నాకు నచ్చదు. రెండు పక్కలా మూతలున్న జెడ్‌జెడ్ రకమే తీసుకున్నా, లేకపోతే పొట్టు లోపలికి పోయి గ్రీజుతో కలిసి పేస్టు అవుతుంది.

చక్రాలు మూడు. వెనకది చిన్నది, దాని మీద ఎప్పటిదో లక్క గడ్డకట్టి ఉంది. ఉలితో గీరి, స్పిరిట్‌తో తుడిచాను. చక్రం మీద గోరంత మట్టి అంటుకున్నా మెషీన్ ఆ చోట ఎగిరి దిగుతుంది, డ్రమ్ము నేలను కొరుకుతుంది.

పొట్టు సంచి బాగానే ఉంది, జిప్పు పోయింది. టైలరుకిచ్చి తాడు పెట్టించాను.

బెల్టు చూశాను. పగుళ్లు లేవు, బాగానే ఉందనిపించింది. బిగించేశాను. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఫిబ్రవరి 8

జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా ట్రాలీలో దేవరకొండ. వెంట మా చిన్న బామ్మర్ది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు, ఖాళీగా ఉండడమెందుకని తీసుకొచ్చాను. మెషీన్ బరువు 60 కిలోల దాకా ఉంది. మోటరు విప్పి రెండు మోతలుగా ఎక్కించాం.

పైన ప్లగ్గులో పెట్టి స్విచ్చు వేస్తే మోటరు "మ్‌మ్‌మ్" అని మూలిగింది తప్ప తిరగలేదు. వెంటనే ఆపేశాను. మల్టీమీటరు పెట్టాను. సాయంత్రం 6 గంటలకు 187 వోల్టులు. మరుసటి ఉదయం 8 గంటలకు చూస్తే 222. చుట్టూ ఇళ్లలో పంపులు, మోటర్లు అన్నీ సాయంత్రమే వేస్తారు. దీనికి తోడు ఇంటి వైరింగు పాతది, పైగదికి వచ్చే వైరు 1 ఎంఎం.

సింగిల్ ఫేజ్ మోటరు నడుస్తున్నప్పుడు 10 ఆంపియర్లు లాగితే, స్టార్టింగులో దానికి ఐదారింతలు లాగుతుంది. మీటరు నుంచి పైగదికి 40 మీటర్లు. 1 ఎంఎం రాగి వైరులో నడిచేటప్పుడే 14 వోల్టులు పోతాయి, స్టార్టింగులో 70 పైనే. అలా అరకొర కరెంటుతో మోటరు వేగం అందుకోకపోతే లోపలి స్టార్టింగ్ స్విచ్చు తెరుచుకోదు, ముందు కెపాసిటరు, తర్వాత వైండింగు కాలిపోతాయి. మోటరు మూలిగితే రెండోసారి స్విచ్చు వేసి చూద్దాం అనుకోవద్దు.

మీటరు బోర్డు దగ్గర నుంచి నేరుగా 2.5 ఎంఎం, మూడు కోర్ల కేబులు లాగాను, ఎర్తు తప్పనిసరి. కేబులు చుట్ట మొత్తం విప్పి పరిచాను, చుట్టగా ఉంటే వేడెక్కుతుంది. పని ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకే అని టీచరమ్మకు చెప్పాను.

"మంచిదే బిడ్డా, సాయంత్రం నా సీరియల్‌కు అడ్డం రాదు" అంది.

ఫిబ్రవరి 9

రోజంతా మొలలు. పలకలను పైనుంచే మొలలు కొట్టి దంతెలకు, అంటే కింద నేలను మోసే దూలాలకు బిగించారు, తల చదరంగా ఉండే పాతకాలపు మొలలు. ఒక్కో తలను పంచ్ పెట్టి 3 మిల్లీమీటర్లు లోపలికి దింపాలి. ఒక్క మొల తల పైకున్నా పేపరు "ఠాప్" అని చిరిగి పోతుంది, రబ్బరు డ్రమ్ముకు గాయమవుతుంది. ఇంకో ప్రమాదం, నిప్పురవ్వ లేచి సంచిలోకి పోతుంది. బామ్మర్ది లెక్కపెట్టాడు, 611. ఎందుకు లెక్కపెట్టాడో తెలియదు.

ఫిబ్రవరి 10

మొదటి దఫా, 36 నంబరు పేపరు. నంబరు ఎంత తక్కువైతే పేపరు అంత గరుకు.

అలవాటు తప్పింది, మొదటి రెండు లైన్లు భయంభయంగా నడిపాను. డ్రమ్ మెషీన్‌కు ఒకటే సూత్రం: నడక మొదలయ్యాక డ్రమ్ము దించాలి, నడక ఆగకముందే ఎత్తాలి. నిలబడి దించితే ఒక్క క్షణంలో నేలలో పడవ లాంటి గుంట పడుతుంది. దాన్ని మళ్లీ ఎవడూ పూడ్చలేడు. విమానం దిగినట్టు దించు, లేచినట్టు లేపు అని మా పాత మేస్త్రీ చెప్పేవాడు. తను ఏనాడూ విమానం ఎక్కలేదు.

పలకలు మధ్యలో గుంటగా, అంచులు లేచి ఉన్నాయి. అందుకే మొదటి దఫా పలక వెంట కాకుండా కొంచెం ఐమూలగా నడిపాను. లేచిన అంచులు ముందు తెగుతాయి.

అనుకున్నట్టే లక్క కరిగి పేపరు నిండింది. రెండు లైన్లకే పేపరు నల్లగా మెరుస్తోంది. మెరిసే పేపరుతో రుద్దితే చెక్క తెగదు, వేడెక్కి కాలుతుంది. ఇరవై అడుగులకొకసారి ఆపి, వైరు బ్రష్షుతో గీకి, పనికిరాదనిపిస్తే మార్చాను. 36 నంబరు పేపర్లే తొమ్మిది పోయాయి. పేపరు దగ్గర పిసినారితనం చేస్తే ఆ డబ్బు మోటరు దగ్గర కట్టాల్సొస్తుంది.

పేపరు బిగింపు గురించి. డ్రమ్ముకు చుట్టి, కొసలు చీలికలో దూర్చి, రెండు వైపులా సమానంగా బిగించాలి. వేలితో తడితే డప్పులా మోగాలి. ఒక వైపు వదులైతే ఆ వైపే ముందు చిరుగుతుంది. పేపరు కోయడానికి పాత ప్లైవుడ్ ముక్కతో ఒక అచ్చు చేసుకున్నా. అడ్డదిడ్డంగా కోసిన పేపరు ఎంత బిగించినా నిలవదు.

సంచి మూడో వంతు నిండగానే దించి, పొట్టును బయట మూత ఉన్న ఇనుప డబ్బాలో పోయించాను. పాలిష్ కలిసిన పొట్టు సంచిలో కుక్కినట్టు ఉంటే తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. హైదరాబాద్‌లో ఒక రాత్రి మేం మూలన వదిలేసిన సంచి పొద్దునకు సగం బూడిదైంది. కోర్టు కాలకపోవడం మా అదృష్టం. అప్పటి నుంచి రాత్రి సంచి మెషీన్‌కు ఉంచను.

మాస్కు ఎన్95, గుడ్డ కట్టుకుంటే చాలదు. గట్టి చెక్కల పొట్టును డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ 1995లోనే క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో రాసింది. టేకు పొట్టుకైతే ఒళ్లు దురద కూడా. బామ్మర్దికి సాయంత్రానికి చేతులు దద్దురు లేచాయి.

ఒకటి మరిచాను, దానికి తిట్లు పడ్డాయి. పలకల మధ్య సందులున్నాయి కదా. సంచికి అందని సన్న పొట్టంతా ఆ సందుల్లోంచి కింద వంటింట్లోకి పసుపు జల్లినట్టు రాలింది. అప్పుడే కలిపి, గుడ్డ కట్టకుండా ఉంచిన టమాట తొక్కు బేసిన్ మీద కూడా. టీచరమ్మ ఏమీ అనలేదు. బేసిన్ పట్టుకొచ్చి మెట్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. మరుసటి రోజు కింద కప్పు పొడవునా టార్పాలిన్ కట్టాం.

ఫిబ్రవరి 12

60 నంబరు అయిపోయింది. టేకు రంగు బయటపడింది, తేనె రంగు. బామ్మర్ది ఫోన్‌లో ఫోటోలు తీస్తున్నాడు. నేను టార్చి లైటు నేల మీద పడుకోబెట్టి వెలిగించాను. పై నుంచి చూస్తే ఏమీ కనబడదు, పక్క వెలుతురులోనే అసలు సంగతి తెలుస్తుంది.

నేలంతా గీతలు. పలకకు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి, వాన నీళ్లు వెళ్లాక ఇసుక మీద మిగిలే అలల్లాగా. చేత్తో తడిమితే తెలిసీ తెలియనట్టు.

"ఇదేంది బావా, డిజైనా?" అన్నాడు వాడు.

మెషీన్ అదిరితే పడే గీతలివి. దీనికి అందరూ చేసే పని, ఇంకోసారి అదే దారిలో రుద్దడం. అలా చేస్తే చక్రాలు ఆ అలల మీదే ఎక్కి దిగి, గీతలు ఇంకా లోతవుతాయి. ముందు అదురు ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకోవాలి. దానికి స్టీలు స్కేలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు.

స్కేలు పెట్టి పది గీతల దూరం కొలిచాను: 17 సెంటీమీటర్లు. అంటే గీతకూ గీతకూ మధ్య 17 మిల్లీమీటర్లు. నాలుగు చోట్ల కొలిచినా అంతే.

గది 16 అడుగులు, దాదాపు 5 మీటర్లు. నా నడకకు 30 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 167 మిల్లీమీటర్లు. మోటరు 2880 చుట్లు, మోటరు పుల్లీ రెండున్నర అంగుళాలు, డ్రమ్ము పుల్లీ మూడు. కాబట్టి డ్రమ్ము నిమిషానికి 2400 చుట్లు, సెకనుకు 40. డ్రమ్ము ఒక్క చుట్టు తిరిగేలోపు నేను నడిచేది 4 మిల్లీమీటర్ల పైచిలుకు. తప్పు డ్రమ్ములో ఉంటే గీతలు నాలుగేసి మిల్లీమీటర్లకు పడాలి. చక్రం 4 అంగుళాలది, దాని చుట్టుకొలత 32 సెంటీమీటర్లు. తప్పు చక్రంలో ఉంటే 32 సెంటీమీటర్లకొక గీత. 17 ఈ రెండింట్లో దేనికీ కుదరదు.

మిగిలింది బెల్టు. ఏ-38 బెల్టు మొత్తం పొడవు మీటరుకు కాస్త అటూ ఇటూ. డ్రమ్ము పుల్లీ చుట్టుకొలత 24 సెంటీమీటర్లు. బెల్టు ఒక్కసారి చుట్టి వచ్చేలోపు డ్రమ్ము నాలుగు చుట్లు తిరుగుతుంది. నాలుగు నాలుగులు పదహారు, పైచిలుకు కలిపితే పదిహేడు.

కూర్చుని నవ్వుకున్నాను. విప్పి బెల్టును నేల మీద నిలబెడితే గుండ్రంగా నిలవలేదు, ఒక చోట మొండిగా వంగి ఉంది. ఆ మెషీన్ ఎన్నేళ్లో గోదాములో బెల్టు బిగువుతోనే నిలబడింది. పుల్లీ దగ్గర వంగిన చోటు అలాగే గట్టిపడి ముడిలా మారింది. ఆ ముడి పుల్లీ ఎక్కిన ప్రతిసారీ డ్రమ్ముకు ఒక కుదుపు. పగుళ్లు లేవు, బాగానే ఉందని 6వ తేదీన రాశానే, అదే బెల్టు.

ఫిబ్రవరి 13

బస్టాండు దగ్గర కొత్త బెల్టు పది నిమిషాల్లో దొరికింది. బిగువు ఎంతంటే బొటనవేలితో మధ్యలో నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి. మరీ బిగిస్తే కొత్త బేరింగులు పోతాయి.

ఒక లైను రుద్ది, టార్చి పెట్టాను. 17 మిల్లీమీటర్ల గీతలు పోయాయి. వాటి కింద దాక్కున్నవి బయటపడ్డాయి: సన్నగా, నాలుగేసి మిల్లీమీటర్లకు. అవి డ్రమ్మువి.

డ్రమ్ము విప్పి లేత్ దుకాణానికి తీసుకెళ్లాం. ఆ చాచా రెండు వైపులా సెంటర్లలో పట్టించి, డయల్ గేజీ ఆనించి చేత్తో తిప్పాడు. ముల్లు 0.6 మిల్లీమీటరు ఊగింది. ఒక చోట రబ్బరు చదునుగా ఉంది.

"దీన్ని నేల మీద కూసోవెట్టి ఉంచిండ్రు బాబూ. టైరు గూడ అట్లనే అయితది, బండి కదలకుంటే" అన్నాడు.

రబ్బరును టూలుతో కొయ్యలేదు, పీచులు లేస్తాయట. నెమ్మదిగా తిప్పుతూ, చెక్క దిమ్మకు అంటించిన 60 నంబరు పేపరు ఆనించి అరగదీశాడు. గంట పట్టింది. ముల్లు 0.1 లోపు నిలిచింది. 400 తీసుకున్నాడు. టీ కూడా ఆయనే తాగించాడు.

రెండు రోజులు ఆలస్యం. పెద్ద మెషీన్ కిరాయికి తెచ్చి ఉంటే ఈపాటికి పని అయిపోయేది కదా అని బామ్మర్ది అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నా.

ఫిబ్రవరి 15

మళ్లీ 60 నంబరు, ఈసారి పలకకు కాస్త వాలుగా నడిపాను. వాలుగా పోతే చక్రాలు పాత గీతల్లో పడవు, డ్రమ్ము వాటి తలలు కోసుకుంటూ పోతుంది. తర్వాత పలక వెంట ఒకసారి. టార్చి కింద శుభ్రం, గది మధ్యలో ఒక్క చోట తప్ప.

ఆ చోటే నడిస్తే ఊగేది. కింద రెండు దంతెల చివర్లు గోడలో వదులయ్యాయి. నేలే ఊగుతుంటే మెషీన్ ఎంత నిఖార్సుగా ఉన్నా అదురు తప్పదు. స్లాబులు వేసే మేస్త్రీ దగ్గర రెండు సెంట్రింగ్ జాకీలు అడిగి తెచ్చి, కింద వంటింట్లో దంతెలకు పలక అడ్డం పెట్టి బిగించాం. వాటి మధ్యలోంచి వంగి నడుస్తూ టీచరమ్మ రెండు రోజులు వంట చేసింది. దంతెల చివర్లకు సిమెంటు దిమ్మలు కట్టించుకొమ్మని చెప్పాను, అది నా పని కాదు కానీ.

80 నంబరు కూడా ఈరోజే. 36 నుంచి 80కి ఎగరకూడదు. 36 చేసిన లోతు గీతలను 80 తీయలేదు, వాటి మీద మెరుగు పెడుతుంది అంతే. పాలిష్ పడ్డాక అవే వెక్కిరిస్తాయి.

ఫిబ్రవరి 17

అంచులు. పెద్ద మెషీన్ గోడకు నాలుగు అంగుళాల దూరంలో ఆగిపోతుంది. బయటి దేశాల్లో దీనికి 7 అంగుళాల డిస్కుతో ఎడ్జర్ అని వేరే మెషీన్ ఉంటుంది, హైదరాబాద్‌లో మా దగ్గర ఉండేది. ఇక్కడ నా మకిటా బెల్టు సాండరు, తిరుగుతూ వణుకుతూ రుద్దే 5 అంగుళాల ఆర్బిటల్ సాండరు, మూలలకు గీరే బ్లేడు.

మన దగ్గర చాలామంది వడ్రంగులు అంచులకు 4 అంగుళాల గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు బిగించి కొడతారు. గ్రైండరు నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. గేటు అతుకులు కొట్టే వేగమది. చెక్క మీద పెడితే అర్ధచంద్రాకారంలో తవ్వుతుంది, మచ్చ కాలుతుంది. తలుపు వెనకైతే ఎవరూ చూడరు. నేల మీద పాలిష్ పడగానే గోడ పొడవునా పళ్ల గాట్లు కనిపిస్తాయి. బామ్మర్ది గ్రైండరు తీశాడు, నేను ప్లగ్గు పీకేశాను.

ఆర్బిటల్ గురించి రెండు ముక్కలు. దాన్ని నొక్కకూడదు, దాని బరువు చాలు. నొక్కితే తిరుగుడు ఆగి వణుకుడే మిగులుతుంది, వేడికి ప్యాడ్ మీది వెల్క్రో కరిగి పేపర్లు అంటుకోవడం మానేస్తాయి. నాది సగం అలా పోయిందే, కొత్త ప్యాడ్ వేశాను. పేపరు రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో కలవాలి, లేకుంటే దుమ్ము కిందే ఉండి సుడిగీతలు గీస్తుంది.

మధ్యాహ్నం మకిటా వెనక నుంచి నీలం మెరుపులు, కాలిన వాసన. మోటరు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు గీత దాకా అరిగాయి. రెండూ ఒకేసారి మార్చాలి, ఒరిజినల్ వేయాలి. నాసిరకం కార్బన్ గట్టిగా ఉండి లోపలి రాగి కమ్యుటేటరునే అరగదీస్తుంది. 90 రూపాయలు ఆదా చేయబోతే ఆర్మేచరు పోతుంది. ఇక్కడ ఒరిజినల్ దొరకలేదు. కల్వకుర్తిలోనూ లేవు. మిగిలిన రెండు గోడలు ఆర్బిటల్‌తోనే లాగించాను. బస్టాండు పక్కన బాగయ్యే మెషీన్ అని రాసుకున్న నాకే నా మంచి మెషీన్ ఇలా చేసింది.

ఫిబ్రవరి 18

పెద్ద మెషీన్ రుద్దిన చోటు, అంచు రుద్దిన చోటు రెండూ కలిసిపోవాలి. దానికి సింగిల్ డిస్క్ మెషీన్, ఫంక్షన్ హాళ్లలో నేల కడిగేది. 16 అంగుళాల డిస్కు, నిమిషానికి 170 చుట్ల చిల్లర. హౌస్‌కీపింగ్ సామాన్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర రోజుకు 800కు తెచ్చాం. కింద ప్యాడ్, దాని కింద 100 నంబరు గరుకు జాలీ, సాండ్ పేపరు లాంటిదే. హ్యాండిలు కొంచెం ఎత్తితే కుడికి, దించితే ఎడమకు పోతుంది. బలం చూపిస్తే మనిషినే తిప్పి గోడకు కొడుతుంది. బామ్మర్ది అరగంట దానితో కుస్తీ పట్టి, తర్వాత పట్టు దొరికించుకున్నాడు. ఆ తర్వాత నాకివ్వలేదు.

టీచరమ్మ పలకల సందులన్నీ లప్పంతో మూసేయమంది, తొక్కు మీద కోపం ఇంకా పోలేదు. వద్దని చెప్పాను. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి, చెక్క ఎండి సందులు విచ్చుకున్నాయి. ఇప్పుడు నింపితే వానాకాలం పలకలు ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి తోసేస్తాయి. పెద్ద సందుల్లో మాత్రం సన్న జనుప తాడు దూర్చాం, పలకలతో పాటు అదీ నలుగుతుంది, సాగుతుంది.

ఫిబ్రవరి 21

టేకులో నూనె ఉంటుంది కాబట్టి పాలిష్‌కు ముందు థిన్నరు గుడ్డతో తుడిచి, ఆరాక పీయూ (పాలీయురేథేన్) పాలిష్ మొదటి చేయి. పొద్దున 7కే మొదలుపెట్టాం, ఎండెక్కితే బ్రష్షు గీతలు కలవకముందే ఆరిపోతుంది. మరుసటి రోజు చేత్తో 220 పేపరు, మళ్లీ ఒక చేయి.

సాయంత్రం నాలుగింటికి ఖిల్లా వైపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడింది. కిటికీ కింద ఒక జానెడు చోట 17 మిల్లీమీటర్ల గీతలు నాలుగు మిగిలిపోయాయి. టార్చి అక్కడ పెట్టలేదు. టీచరమ్మకు నేనే చూపించాను. కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది, ఆమెకు కనబడలేదు. కనబడనిది చూపించినందుకు నాకే సిగ్గనిపించింది. బామ్మర్దికి మాత్రం కనబడింది.

ఫిబ్రవరి 23

లెక్క. మెషీన్ 31 వేలు, బేరింగులు, బెల్టు, లేత్ కలిపి 1,450. పేపర్లు 4,200. కేబులు 5,600, అది నాకే ఉంటుంది. డిస్క్ మెషీన్ 800. ఈ పనికి నాకు వచ్చింది 42 వేలు, చదరపు అడుగుకు 120 చొప్పున. బామ్మర్ది కూలి తీసేస్తే ఈ నేలలో నేను మెషీన్ ఖరీదు కూడా రాబట్టలేదు. వనపర్తిలో ఒకరు అడిగారు, వాళ్లదీ పాత ఇల్లే.

మెషీన్‌ను షెడ్డులో పెట్టాను. సంచి విడిగా వేలాడదీశాను. బెల్టు విప్పి మేకుకు తగిలించాను. డ్రమ్ము నేలకు తగలకుండా ముందు భాగం కింద రెండు ఇటుకలు. పేపర్లు నిలువుగా చుట్టి, వానాకాలానికి మెత్తబడకుండా ప్లాస్టిక్ డబ్బాలో. మకిటా బ్రష్షులకు హైదరాబాద్ ఆర్డరు పెట్టాను, రెండు జతలు.